హన్మకొండ నుంచి డాలస్‌కి ఎంత దూరం, ఎన్ని గంటలు? తరచుగా అడిగే ప్రశ్నలు

మా అక్క పెళ్లై డాలస్ పక్కన ఫ్రిస్కోకి పోయిన కాడ్నుంచి మా గల్లీల ఎవరి పిల్లలకు వీసా వచ్చినా, ఎవరింట్ల అమ్మాబాపు మనుమన్ని చూడనీకి పోతున్నా, ఫోన్ నాకే వస్తది. ఎన్ని గంటలు పడ్తది, యాడ దిగాలె, మధ్యల ఎంతసేపు కూసోవాలె, ఇవే ప్రశ్నలు. ఒక్కొక్కరికి చెప్పుడు అయితలేదు కాబట్టి అన్నీ ఒక్కదగ్గర రాసి పెడ్తున్న. వేరే ఊరు రాయనంత వరకు లెక్కలన్నీ శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ నుంచి డాలస్ ఫోర్ట్ వర్త్ ఎయిర్‌పోర్ట్ దాకా అనుకోండి.

1. హైదరాబాద్ నుంచి డాలస్‌కి అసలు దూరం ఎంత?

దగ్గరి దారిల కొలిస్తే సుమారు 14,400 కిలోమీటర్లు. మైళ్లల్ల 8,950 చిల్లర. పైలట్లు వాడే నాటికల్ మైళ్లల్ల 7,780 దాకా ఉంటది, ఎందుకంటే ఒక నాటికల్ మైలు అంటే 1.852 కిలోమీటర్లు. నెట్ల ఒక్కో సైట్ల ఒక్కో నంబర్ కనిపిస్తే ఇందుకే, ఒకడు మైళ్లల్ల చెప్తడు ఇంకొకడు నాటికల్ల చెప్తడు, కింద చిన్న అక్షరాలు మనం చూడం. పది ఇరవై కిలోమీటర్ల తేడా మాత్రం భూమిని పూర్తి గుండ్రం అనుకొని లెక్కేసినోళ్లకీ, పైనా కింద జర నొక్కుకపోయినట్టు లెక్కేసినోళ్లకీ మధ్య వచ్చేది, దాన్ని పట్టించుకోకండి.

మనకు అర్థమయ్యేటట్టు చెప్పాలంటే హన్మకొండ నుంచి హైదరాబాద్‌కి 145 కిలోమీటర్లు వేసుకుంటే, యాభై సార్లు పోయి యాభై సార్లు వచ్చినంత. భూమి చుట్టుకొలత 40,000 కిలోమీటర్లు, అండ్ల మూడో వంతు కన్న జర ఎక్కువే మనం గాల్ల పోతం.

ఇంకో మాట, "మన ఇంట్ల బోరు ఏస్కుంట పోతే అమెరికాల తేల్తం" అని చిన్నప్పుడు అనుకునేటోళ్లం కదా, అది తప్పు. వరంగల్‌కి సరిగ్గా కింద ఉన్నది దక్షిణ పసిఫిక్ సముద్రం. తేలితే నీళ్లల్లనే.

2. విమానం ఎటు దిక్కు పోతది, పడమరనా తూర్పా?

ఇది నాకు మస్తు ఇష్టమైన ప్రశ్న. గోడ మీద మ్యాప్ చూస్తే మనం కుడి దిక్కు ఉంటం, అమెరికా ఎడమ చివర్ల ఉంటది, కాబట్టి అరేబియా, ఆఫ్రికా, అట్లాంటిక్ సముద్రం మీదుగ సీదా గీత గీస్తే అయిపాయె అనిపిస్తది. కానీ మ్యాప్ అంటే గుండ్రటి బత్తాయి తొక్కని ఒలిచి బల్ల మీద పరిచినట్టు, అంచులన్నీ సాగిపోయి ఉంటయి.

ఒక బత్తాయి తీస్కోండి. తొడిమ ఉన్న కాడ ఉత్తర ధ్రువం అనుకోండి. హైదరాబాద్ 78 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉన్నది, డాలస్ 97 డిగ్రీల పడమర మీద. రెండూ కలిపితే 175. సగం చుట్టు అంటే 180, అంటే మనమూ డాలసోళ్లూ దాదాపు ఎదురెదురు గోడలకు ఉన్నట్టు. అసొంటప్పుడు ఒక దారం తీసుకొని ఈ పక్క నుంచి ఆ పక్కకి బిగబట్టి లాగితే అది నడుము చుట్టు తిరగదు, తొడిమ మీదికెళ్లి పోతది. హైదరాబాద్ నుంచి డాలస్‌కి దగ్గరి దారి కూడ గంతే, తూర్పూ కాదు పడమరా కాదు, ఉత్తరం. శంషాబాద్ల లేచి ఉత్తరానికి ముక్కు పెట్టి, హిమాలయాలు, టిబెట్, సైబీరియా దాటి, ఉత్తర ధ్రువానికి ఐదారు వందల కిలోమీటర్ల దగ్గరికి పోయి, అటు నుంచి కెనడా మీదికి దిగుకుంట డాలస్‌కి పోవుడు. మా బాపుకి బత్తాయితోనే చూపెట్టిన. అంతా ఇని "గట్లనా" అనుకుంట దాన్ని ఒలుచుకొని తిన్నడు.

3. మరి ఆ దగ్గరి దారిల డైరెక్ట్ ఫ్లైట్ ఎందుకు లేదు?

హైదరాబాద్ నుంచి డాలస్‌కి నాన్‌స్టాప్ లేదు. అమెరికాకి మనకు ఒకసారి వచ్చింది, 2021 జనవరిల ఎయిర్ ఇండియా హైదరాబాద్ నుంచి చికాగోకి నడిపింది, తర్వాత బంద్ చేసింది.

విమానానికి చేతకాక కాదు. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కి 15,300 కిలోమీటర్లు, 18 గంటలు దాటి ఎగిరే ఫ్లైట్ ఉండనే ఉన్నది, మనది దానికన్న తక్కువ. కానీ అంత దూరం పోవాలంటే నింపే ఇంధనం బరువే మస్తు ఉంటది, ఆ బరువు మొయ్యనీకి మళ్లా ఇంకింత ఇంధనం కాలాలె, అప్పుడు మనుషులనూ సామాన్లనూ తగ్గించుకోవాలె. డబ్బులు గిట్టుబాటు కావాలంటే ఎక్కువ రేటు పెట్టి కొనే సీట్లు రోజూ నిండాలె. మనోళ్లు పోయేది ఎక్కువ చదువుకునే పిల్లలు, అమ్మానాన్నలు, అందరం చీప్ టికెట్ వెతికేటోళ్లమే.

దారి సంగతి వేరే. టిబెట్ పీఠభూమి సగటు ఎత్తే 4,500 మీటర్లు, అంటే 14,000 అడుగులు దాటి. విమానంల గాలి ఒత్తిడి పోతే పైలట్ వెంటనే 10,000 అడుగులకు దించాలె, ఎందుకంటే మన నెత్తి మీద నుంచి జారిపడే మాస్కులల్ల ఆక్సిజన్ ఓ పావుగంట చిల్లరే వస్తది. కింద నేలనే 14,000 అడుగుల మీద ఉంటే యాడికి దించుతరు? అందుకే చాలా ఎయిర్‌లైన్లు టిబెట్‌ని చుట్టుకొని పోతయి. ఇక ధ్రువం దిక్కు చలి లెక్క వేరే ఉన్నది, జెట్ ఏ-1 అనే ఇంధనం మైనస్ 47 డిగ్రీలకు గడ్డకట్టుడు మొదలైతది, కాబట్టి ట్యాంకుల ఇంధనం ఎంత చల్లబడ్డదో పైలట్లు చూస్కుంటనే ఉండాలె. దానికి తోడు దేశాల కొట్లాటలు. 2022ల ఉక్రెయిన్ యుద్ధం మొదలైనంక రష్యా తన ఆకాశాన్ని యూరప్, అమెరికా కంపెనీలకు మూసింది. 2025 ఏప్రిల్ల పాకిస్తాన్ మన దేశం విమానాలకు మూసింది. కింద గీసుకున్న బార్డర్ల లెక్క పైన గాల్లకు కూడ వర్తిస్తది.

4. ఆగుకుంట పోతే దూరం ఎంత పెరుగుతది?

ఇక్కడనే అందరూ తప్పు లెక్క వేస్తరు. దుబాయ్ మీదికెళ్లి పోతే హైదరాబాద్ నుంచి దుబాయ్ 2,550 కిలోమీటర్లు, అక్కడ్నుంచి డాలస్ 12,900. కలిపితే 15,450. దోహా మీదికెళ్లి 2,900, 12,750 వేసుకుంటే 15,650. లండన్ మీదికెళ్లి పోతే 7,750, 7,640, మొత్తం 15,400కి జర తక్కువ. ఫ్రాంక్‌ఫర్ట్ లెక్క కూడ అట్లనే లండన్ అంతే వస్తది.

అంటే డైరెక్ట్ లైన్ కన్న వెయ్యి, పన్నెండు వందల కిలోమీటర్లే ఎక్కువ. పెద్ద విమానం గంటకు దగ్గర దగ్గర 900 కిలోమీటర్లు పోతది. సో మీరు చుట్టు తిరిగినందుకు పోయేది ఒక గంట, గంటంబావు, అంతే. మిగిలిన టైమంతా పోయేది గాల్ల కాదు, నేల మీద, ఎయిర్‌పోర్టుల కుర్చీల మీద. టికెట్ చూసేటప్పుడు "దుబాయ్ దగ్గరనా లండన్ దగ్గరనా" అని కొట్లాడుడు దండగ, మధ్యల ఎన్ని గంటలు కూసోబెడ్తున్నడో అది ఒక్కటి చూడండి.

5. ఇంట్ల నుంచి ఇంటి దాకా మొత్తం ఎన్ని గంటలు పడ్తది?

టికెట్ మీద 23 గంటలు అని ఉంటది, మనోళ్లు అదే చెప్తరు, కానీ నా లెక్క వేరే. మా అమ్మాబాపుని పంపినప్పుడు గడియారం పెట్టి చూసిన లెక్క ఇది, దుబాయ్ మీదికెళ్లి.

హన్మకొండల కారెక్కినప్పటి నుంచి శంషాబాద్‌కి మూడున్నర, నాలుగు గంటలు (జనగామ కాడ ఛాయ్‌కి ఆగకుండ ఏ డ్రైవరూ పోడు). విమానానికి మూడు నాలుగు గంటల ముందు లోపలికి పోవాలె. దుబాయ్‌కి నాలుగు గంటల చిల్లర. అక్కడ మూడు గంటలు. దుబాయ్ నుంచి డాలస్‌కి పదహారు గంటలు, గాలిని బట్టి జర అటీటు. డాలస్ల ఇమిగ్రేషన్, బ్యాగులు, గంట నుంచి రెండు గంటలు. అక్క ఇల్లు ఇంకో నలభై నిమిషాలు. మొత్తం కూడితే 32 నుంచి 34 గంటలు. మధ్యల ఆగుడు ఎనిమిది గంటలుంటే 37 నుంచి 39 అయితది.

ఇంకో సంగతి, టికెట్ మీద రాసిన టైమ్ గాల్ల ఉన్న టైమ్ కాదు. గేటు కాడ్నుంచి విమానం కదిలినప్పటి నుంచి అటు గేటుకి ఆనేదాకా లెక్క. రన్‌వే దాకా మెల్లగ పోవుడు, లైన్ల నిలబడుడు అన్నీ అండ్లనే. కొన్నిసార్లు అరగంట లేటుగ లేచినా టైమ్‌కే దిగుతది, అదేం మ్యాజిక్ కాదు, ముందే జర ఎక్కువ రాసి పెట్టుకుంటరు.

6. మధ్యల ఎంతసేపు గ్యాప్ ఉంటే మంచిది?

చదువుకున్న పిల్లలైతే రెండు గంటలు సరిపోతది. పెద్దోళ్లయితే మూడు, మూడున్నర. ఐదు దాటితే నడుము పోతది.

కానీ దీనికన్న ముఖ్యమైనది, టికెట్ మొత్తం ఒక్కటే బుకింగ్ నంబర్ మీద ఉండాలె. మా చిన్నాయన కొడుకు నాలుగు వేలు మిగుల్తయని హైదరాబాద్–ముంబై వేరే, ముంబై–అమెరికా వేరే తీసుకున్నడు. జులై నెల, ముంబైల వాన, మొదటి విమానం మూడు గంటలు లేటు. రెండోది ఎల్లిపోయింది. ఒక్కటే బుకింగ్ అయితే తర్వాతి ఫ్లైట్‌ల పంపే బాధ్యత వాళ్లది, విడివిడిగ తీసుకుంటే వాడికి నీతో సంబంధమే లేదు. కొత్త టికెట్ ఎంతకు కొన్నడో వాడు ఇప్పటికీ వాళ్ల బాపుకి చెప్పలే.

డిసెంబర్, జనవరిల ఢిల్లీ మీదికెళ్లి పోయేటోళ్లు మంచు ఉంటదని మతికి పెట్టుకోండి, అప్పుడు గ్యాప్ జర ఎక్కువున్నదే మంచిది.

7. పోయేటప్పుడు ఎక్కువ టైమ్, వచ్చేటప్పుడు తక్కువ ఎందుకు?

గాలి. విమానాలు పోయే ఎత్తుల, అంటే 35,000 అడుగుల అటీటు, పడమర నుంచి తూర్పుకి ఒక గాలి వాగు లెక్క పారుతుంటది, జెట్ స్ట్రీమ్ అంటరు. గంటకు నూట యాభై, రెండు వందల కిలోమీటర్ల స్పీడ్ కూడ ఉంటది, చలికాలం ఇంకా జోరు. డాలస్ నుంచి దుబాయ్‌కి వచ్చేటప్పుడు అది వెనక నుంచి తోస్తది కాబట్టి పదహారు గంటలది పద్నాలుగున్నర, పదిహేనుకి వచ్చేస్తది. పోయేటప్పుడు ఎదురు గాలిని తప్పించుకోనీకి రోజూ దారి జర మార్చుకుంట పోతరు, ఒకరోజు గ్రీన్‌లాండ్ మీదికెళ్లి పోయింది ఇంకోరోజు కిందికెళ్లి పోయింది అంటే అందుకే.

మా పక్కింటి పిలగాడు పదో తరగతి, వాడొక ప్రశ్న అడిగిండు. భూమి తిరుగుతున్నది కదా అన్నా, విమానం ఊకె పైకి లేచి ఆగితే అమెరికానే మన కిందికి రాదా అని. రాదు తమ్మీ. భూమితో పాటు గాలి కూడ తిరుగుతది, గాల్ల ఉన్న విమానం కూడ దాంతోనే. నడిచే బస్సుల నువ్వు పైకి దుంకితే వెనక సీట్ల పడవు కదా, అట్ల.

8. ఆదివారం ఎక్కి ఆదివారమే దిగుతరంట, నిజమేనా?

నిజమే. ఎండాకాలం డాలస్ మనకన్న పదిన్నర గంటలు వెనక ఉంటది, చలికాలం పదకొండున్నర. ఆదివారం తెల్లారగట్ల 4:30కి శంషాబాద్ల లేచిండ్రు అనుకోండి, మొత్తం 24 గంటల ప్రయాణం. మన గడియారంల సోమవారం తెల్లారగట్ల 4:30 అయితది, డాలస్ గడియారంల ఎండాకాలమైతే ఆదివారం సాయంత్రం 6. మా అమ్మకు ఇదే అర్థం కాలే, "రెండు రోజులు తిప్పలు పడితే ఒక్కరోజే అయిందంటవేంది" అన్నది. వచ్చేటప్పుడు ఆ రోజు వడ్డీతో సహా గుంజుకుంటరు. శనివారం మధ్యాహ్నం 12కి డాలస్ల ఎక్కితే, 22 గంటల ప్రయాణమే అయినా ఇక్కడ దిగేటప్పటికి ఆదివారం రాత్రి 8:30.

ఇక అందరూ బోర్లపడే సంగతి వేరే ఉన్నది, దీన్ని ఎర్ర పెన్నుతో రాసుకోండి. హైదరాబాద్ నుంచి పోయే చాలా ఫ్లైట్లు అర్ధరాత్రి దాటినంకనే. టికెట్ మీద 15వ తారీఖు 00:40 అని ఉంటే అది పదిహేను రాత్రి కాదు, పద్నాలుగు రాత్రి. పద్నాలుగు నాడు మధ్యాహ్నం తిని హన్మకొండల బయల్దేరాలె. మాకు తెలిసినోళ్లు పదిహేను నాడు పొద్దంతా చుట్టాలతో ఫోటోలు దిగి, గుడికి పోయి, బొట్లు పెట్టించుకొని, రాత్రికి శంషాబాద్ పోతే ఫ్లైట్ ఎల్లి ఇరవై గంటలైంది. నవ్వుకోకండి, ఇది ప్రతి సంవత్సరం ఎవరికో ఒకరికి అయితనే ఉంటది.

9. డాలస్ టైమ్ తొందరగ లెక్క పెట్టుడు ఎట్ల?

మన టైమ్‌కి గంటన్నర కలిపి పొద్దుని రాత్రి చెయ్యండి, రాత్రిని పొద్దు చెయ్యండి. మన దగ్గర రాత్రి 7 అయితే గంటన్నర కలిపితే 8:30, తిప్పితే పొద్దున 8:30. ఇది ఎండాకాలం లెక్క. చలికాలం గంటన్నర బదులు అరగంటే కలపాలె. వాళ్లు మార్చి రెండో ఆదివారం గడియారం ముందుకు తిప్పుతరు, నవంబర్ మొదటి ఆదివారం వెనకకు. ఆ రెండు వారాలు మా ఇంట్ల ఫోన్లన్నీ గంట తేడాతో మోగుతయి.

10. హన్మకొండ, వరంగల్ నుంచి శంషాబాద్‌కి ఎట్ల పోవుడు మంచిది?

కారైతే హైవే 163 మీద స్టేషన్ ఘన్‌పూర్, జనగామ, ఆలేరు, భువనగిరి, బీబీనగర్, ఘట్‌కేసర్. ఘట్‌కేసర్ కాడ ఔటర్ రింగ్ రోడ్ ఎక్కి సీదా శంషాబాద్, సిటీలకు పోనే పోకండి, ఉప్పల్ ట్రాఫిక్‌ల ఇరుక్కుంటే విమానం మీకోసం ఆగదు. మొత్తం 180 కిలోమీటర్ల దాకా ఉంటది.

ఒక్కరే పోతుంటే, సామాన్లు తక్కువుంటే, కాజీపేటల ట్రైన్ ఎక్కి సికింద్రాబాద్ల దిగి, అక్కడ్నుంచి ఆర్టీసీ పుష్పక్ బస్సు. మంచిగనే ఉంటది, కానీ రెండు పెద్ద బ్యాగులతో సికింద్రాబాద్ స్టేషన్ మెట్లెక్కుడు దిగుడు నేను ఒక్కసారి చేసిన, మళ్లా చెయ్య. కరీంనగర్, జగిత్యాల వాళ్లకి రాజీవ్ రహదారి, నిజామాబాద్ వాళ్లకి హైవే 44, ఎవరైనా చివరికి ఔటర్ ఎక్కుడే.

పండుగ తెల్లారి, మేడారం జాతర రోజులల్ల బయల్దేరాల్సి వస్తే రెండు గంటలు ఎక్కువ పెట్టుకోండి.

11. మామునూరు ఎయిర్‌పోర్ట్ అయితే మనకు సులువు అయితదా?

వరంగల్ పక్కన మామునూరు ఎయిర్‌పోర్ట్ నిజాం జమానాల 1930ల నాటిది, 1981 దాకా అక్కడ విమానాలు నడిచినయి. తర్వాత మూతపడ్డది. శంషాబాద్ 2008ల మొదలైంది, దాని కోసం ముందే చేసుకున్న ఒప్పందంల చుట్టూ 150 కిలోమీటర్లల్ల ఇంకో ఎయిర్‌పోర్ట్ పెట్టొద్దని ఒక షరతు రాసుకున్నరు, మామునూరు నుంచి శంషాబాద్‌కి గాలి దారిల 145 చిల్లరే, అంటే ఐదు కిలోమీటర్ల కోసం మనం ఇరుక్కున్నం. ఆ షరతు ఉన్నా శంషాబాద్‌ని నడిపేటోళ్లు ఒప్పుకున్నంక 2025 ఫిబ్రవరి చివర్ల కేంద్రం మామునూరుకి పచ్చజెండా ఊపింది.

డాలస్‌కి సీదా పోతదా అంటే పోదు. వచ్చేవి చిన్న, మధ్య రకం విమానాలు. కానీ ఇక్కడ ఎక్కి ఢిల్లీల, ముంబైల దిగి ఒకటే టికెట్ మీద అమెరికా పోవుడు అయితే, నాలుగు గంటల రోడ్డు తప్పుతది. నా మటుకు నాకు అదే పెద్ద వరం.

12. న్యూయార్క్, చికాగో, మిగతా ఊర్లకు ఎంత?

హైదరాబాద్ నుంచి దగ్గరి దారిల న్యూయార్క్ సుమారు 13,000 కిలోమీటర్లు, చికాగో 13,300, శాన్‌ఫ్రాన్సిస్కో 13,500, అట్లాంటా 14,100, డాలస్ 14,400, హ్యూస్టన్ 14,700. మ్యాప్‌ల శాన్‌ఫ్రాన్సిస్కో అటు చివర్ల ఉంటది, డాలస్ మధ్యల ఉంటది, అయినా మనకు శాన్‌ఫ్రాన్సిస్కోనే దగ్గర. ఎందుకో బత్తాయిని అడగండి. ఎక్కువ మటుకు తొడిమకు ఎంత దగ్గరుంటే మనకు అంత దగ్గర.

13. దుబాయ్‌కి పోయేటోళ్లకి?

నాలుగు గంటలు, టైమ్ తేడా గంటన్నర, అంతే. సిరిసిల్ల, జగిత్యాల నుంచి పోయేటోళ్లకి శంషాబాద్‌కి వచ్చుడే గాల్ల పోయినంత సేపు పడ్తది. ఒక్క మాట మాత్రం, ఇంట్ల వాళ్లు మసాలాల పొట్లంల గసగసాలు పెట్టకుండ చూస్కోండి, అక్కడ అవి నిషేధం, తెల్వక తీస్కపోయినా కేసే.

14. పెద్దోళ్లు పదహారు గంటలు ఒక్కదగ్గర కూసుంటరా?

కూసుంటరు, కానీ కూసోనియ్యద్దు. గంటన్నర రెండు గంటలకోసారి లేచి నడవాలె, కాళ్లు వేలాడదీసి కదలకుండ ఉంటే పిక్కలల్ల రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటది. నడిచే దారి పక్క సీటు మంచిది, కిటికీ అని ఆశపడితే ఇద్దరిని లేపి బయటికి రావాలె, మనోళ్లు మొహమాటానికి బాత్రూమ్‌కి కూడ లేవరు. నీళ్లు తాగాలె. లోపల గాలి ఒత్తిడి ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల కొండ మీద ఉన్నట్టు ఉంటది, గాలి పొడిగ ఉండి గొంతు ఎండిపోతది, కూసొని కూసొని కాళ్లు ఉబ్బుతయి, చెప్పులు జర లూజుగ ఉన్నవి వేసుకోవాలె.

షుగర్ గోలీలు, ఇన్సులిన్ ఏ టైమ్‌ల వేసుకోవాల్నో పోయే ముందు డాక్టర్‌ని అడిగి కాయితం మీద రాపించుకోండి, ఎందుకంటే "పొద్దున" అనేదే తారుమారు అయితది. మందులు చేతి బ్యాగుల పెట్టండి, పెద్ద బ్యాగుల కాదు.

వీల్‌చైర్ టికెట్ తీసుకునేటప్పుడే అడగండి, సిగ్గుపడకండి. మా బాపు పొలం గట్ల మీద ఇప్పటికీ నాకన్న తొందరగ నడుస్తడు, అయినా వీల్‌చైర్ పెట్టించినం, నడవనీకి కాదు, దుబాయ్ల గేటు యాడుందో వెతుక్కునే పని తప్పుతదని. ఇంగ్లీషు రానోళ్లకి ఇంతకన్న మంచి ఉపాయం లేదు.

15. డాలస్ల దిగినంక ఏమైతది?

డాలస్ ఫోర్ట్ వర్త్ 1974ల మొదలైన ఎయిర్‌పోర్ట్, న్యూయార్క్‌ల మన్‌హట్టన్ అనే దీవి కన్న పెద్ద జాగ. ఐదు టెర్మినళ్లు, వాటి మధ్యల తిరగనీకి లోపలనే ఒక రైలు. ఇండియా దిక్కు నుంచి వచ్చేటోళ్లు ఎక్కువ డి టెర్మినల్ల దిగుతరు. లైన్ల నిలబడాలె, ఎందుకొచ్చిండ్రు, ఎన్ని రోజులుంటరు, ఎవరింట్ల ఉంటరు, ఈ మూడు అడుగుతరు. అడ్రస్ కాయితం చేతుల ఉండాలె, ఫోన్ల కాదు, ఎందుకంటే ఆ హాల్ల ఫోన్ తియ్యనియ్యరు.

మటన్ పచ్చడి, చికెన్ పచ్చడి, పచ్చి కరివేపాకు తీస్కపోవద్దు, పట్టుకుంటే పారేస్తరు, ఉన్నయని చెప్పకపోతే ఫైన్ కూడ. మామిడికాయ తొక్కు, సకినాలు, గారెప్పలు తీస్కపోవచ్చు, అడిగితే ఉన్నయని చెప్పండి.

వేరే ఊరికి ఇంకో ఫ్లైట్ ఉన్నోళ్లు ఒకటి మరవద్దు. అమెరికాల మొదటగ ఏ ఊర్ల దిగితే మామూలుగ అక్కడనే ఇమిగ్రేషన్, అక్కడనే బ్యాగులు తీసుకొని మళ్లా ఇయ్యాలె. బ్యాగులు సీదా పోతయని నడిచిపోతే అవి అక్కడనే తిరుగుతుంటయి.

16. యాప్‌ల విమానం గుర్తు మాయమైంది, ఏమైనా అయిందా?

ఏం కాలే. ఫ్లైట్‌రాడార్ లాంటి యాప్‌లు ఎక్కువ నేల మీద పెట్టిన రిసీవర్ల మీద ఆధారపడి నడుస్తయి. సముద్రం మీద, మంచు దిక్కు రిసీవర్లు ఉండయి కాబట్టి కాసేపు కనపడదు, లేకుంటే అందాజగ చూపెడ్తది. కెనడా దిక్కు రాంగనే మళ్లా కనిపిస్తది. మా అక్క అక్కడ, నేను ఇక్కడ, రాత్రంతా ఆ పసుపు రంగు విమానం బొమ్మనే చూసుకుంట కూసున్నం, గ్రీన్‌లాండ్ దగ్గర మాయమైతే ఇద్దరం ఒక్కసారే ఫోన్ చేసుకున్నం.

17. దిగినంక ఫోన్ ఎప్పుడొస్తది?

యాప్‌ల దిగినట్టు చూపెట్టినంక గంటన్నర, రెండు గంటల దాకా ఎదురుచూడకండి. గేటు కాడికి రావాలె, లైన్, బ్యాగులు, అప్పటి దాకా ఫోన్ తియ్యరు, తీసినా సిమ్ పనిచెయ్యదు. తీసుకపోనీకి వచ్చినోళ్లు కనిపించినంకనే వాళ్ల ఫోన్ల నుంచి చేస్తరు.

మా అమ్మ అట్లనే చేసింది, దిగినంక గంటా యాభై నిమిషాలకు. ఎట్లైంది ప్రయాణం, కాళ్లు ఉబ్బినయా, తిన్నవా అని నేను అడుగుతనే ఉన్న, "అదంతా ఇడిసిపెట్టు, ట్యాంకు నిండినంక మోటర్ బంద్ చేసినవా లేదా" అన్నది.